పాత వెల్డింగు యంత్రమును బాగుచేయుట: మా శాఖ అనుభవము

(రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త శిక్షణ తరగతిలో ఒక శాఖ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



 మాకు ముందు మాట్లాడిన వక్తలు పింఛను గురించి, ఖాళీ పోస్టుల గురించి, కాంట్రాక్టు విధానము గురించి విపులముగా చెప్పియున్నారు. మాకు అప్పగింపబడిన విషయము వానితో పోల్చినచో చాల చిన్నది. ఒక పాత వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరును మేము ఎట్లు కొంటిమి, ఎట్లు శుభ్రపరచితిమి, ఎట్లు నడిపించితిమి అన్నదే ఆ విషయము. కార్యక్రమ పత్రములో దీనిని "పునరుద్ధరణ" అని గంభీరముగా అచ్చువేసినారు. మేము చేసినది పునరుద్ధరణయో కాదో గాని, ఏడు నెలల పాటు మా ఆదివారములన్నియు దానికి సమర్పించిన మాట మాత్రము నిజము.

ఈ పనికి ఎందుకు పూనుకొంటిమో ముందుగా చెప్పవలెను. లేనిచో ఇది యూనియను చేయవలసిన పనియేనా అని మీకు సందేహము కలుగును. మా కార్యవర్గములోనే కొందరికి కలిగినది.

మా శాఖలో ట్రాక్ మెయింటెయినరుగా పనిచేయుచున్న సభ్యుడొకరున్నారు. వారి కుమారుడు ఐ.టి.ఐ.లో వెల్డరు ట్రేడు ముగించి, రైల్వేలో అప్రెంటిసు కొరకు దరఖాస్తు పెట్టి, పిలుపు వచ్చులోగా ఇంటికి ఆసరాగా ఉండునని పట్టణపు శివారున గేట్లు, గ్రిల్లులు చేయు ఒక షెడ్డులో చేరెను. ఆ షెడ్డునకు యజమాని ఒక పాత వెల్డింగు యంత్రమును కొని తెచ్చెను. దానికి నీలి రంగు తళతళలాడుచుండెను. తొలకరి వాన పడిన నాటి నుండి దానిపై చేయి వేసినచో జివ్వుమనుచుండెను. కుర్రవాడు ఆ మాట యజమానితో చెప్పెను. "చెప్పులేసుకుని పని చెయ్యరా, ఏం కాదు" అని సమాధానము వచ్చెను. అట్లు మూడు వారములు గడచినవి. ఒకనాటి మధ్యాహ్నము అతడు ఎడమచేత కరెంటు హ్యాండిలును త్రిప్పుచు, కుడిచేయి షెడ్డు ఇనుప స్తంభమునకు ఆనించెను. ప్రక్కనున్నవాడు అరపు విని పరుగున పోయి మెయిను స్విచ్చి లాగెను గనుక ప్రాణము దక్కినది. కుడి అరచేయి కాలిపోయినది. రెండు వ్రేళ్లు నేటికిని వంగవు.

తరువాత జరిగినది మీరు ఊహింపగలరు. హాజరు పట్టీ లేదు, జీతపు పుస్తకము లేదు. "వాడు మా దగ్గర పనివాడు కాడు, సరదాగా చూడ్డానికి వచ్చాడు" అని యజమాని అనెను. నాడు అమలులో ఉండిన 1923 నాటి నష్టపరిహార చట్టము క్రింద అడుగవలెనన్నను, ముందు అతడు అచట పనివాడని రుజువు చేయవలెను. సాక్ష్యము చెప్పవలసిన తోటి పనివారికి రేపటి కూలి భయము. కడపట రాజీ అను పేర కొంత మొత్తము చేతిలో పెట్టిరి. అది ఆస్పత్రి ఖర్చునకే చాలలేదు. తండ్రి ముప్పది యేండ్లుగా పట్టాలపై నడచుచున్నవాడు. ప్రమాదము అనగా ఎట్టిదో ఆయనకు ఎవరును చెప్పనక్కరలేదు. ఐనను ఆయన మా కార్యాలయమునకు వచ్చి అడిగినది డబ్బు కాదు. "ఆ మిషన్లో అసలు ఏముందో ఎవరైనా విప్పి చూడండి అన్నా" అని అడిగెను.

మాలో ఇద్దరము పోయి చూచితిమి. సప్లయి కేబులులో మూడు తీగలుండెను. రెండు, రెండు ఫేజులకు. మూడవది, అనగా ఎర్తు తీగ, మొదలంట కత్తిరింపబడి, వెనుకకు మడచి టేపు చుట్టబడియుండెను. యంత్రపు బాడీకి ఎర్తు బోల్టు ఉన్నది గాని దానిపై నీలి రంగు మందముగా పూయబడియుండెను. లోపల ప్రైమరీ తీగ మూతలోని రంధ్రము గుండా బుష్షు లేకుండ పోవుచు, అంచునకు ఒరసుకొని, నూలు ఇన్సులేషను చిట్లి, రాగి బయటపడియుండెను. చినుకుల తేమ తగిలినంతనే బాడీ అంతయు ఫేజుగా మారినది. చెప్పులు దానికి ఏమి చేయగలవు? ఈ మొత్తమును సరిచేయుటకు కావలసినవి ఒక రబ్బరు బుష్షు, ఒక గజము తీగ, గీకుటకు ఒక చాకు. రంగునకు అయిన ఖర్చులో పదవ వంతు కూడ కాదు.

ఆ సాయంకాలము తిరిగివచ్చునప్పుడే మాకు ఈ ఆలోచన పుట్టినది. మన పిల్లలు ఐ.టి.ఐ.లో కొత్త యంత్రముపై నేర్చుకొందురు. బయటి షెడ్డులలో వారి చేతికి వచ్చునది మాత్రము మూడు చేతులు మారిన పాతది. దానిని విప్పి చూడగల జ్ఞానము, విప్పి చూచువరకు ముట్టను అని చెప్పగల ధైర్యము వారికి ఎవరిత్తురు? కావున పాత యంత్రము నొకదానిని మనమే కొని, పిల్లల చేతనే విప్పించి, వారి కన్నుల యెదుటనే బాగుచేయవలెనని నిర్ణయించితిమి.

కొనుట కూడ ఒక విద్యయే. తుక్కు వేలమునకు పోయినప్పుడు మాతో పోటీకి వచ్చినవాడు యంత్రము కొరకు వచ్చినవాడు కాడు, దానిలోని రాగి కొరకు వచ్చినవాడు. ఆయన తూకము చూచుచుండెను, మేము మెగ్గరు పట్టుకొని తిరుగుచుంటిమి. రంగు బాగుగా ఉన్నవానిని మొదటనే విడిచిపెట్టితిమి. తుప్పు పట్టి, రంగు వెలసి, ఎవరును చేయి పెట్టనట్లు కనబడిన ఒక దానిని ఎంచుకొంటిమి. నూనెతో చల్లబడు రకము. పైన హ్యాండిలు త్రిప్పినచో లోపలి కోరు కదలి కరెంటును హెచ్చించి తగ్గించునది. హ్యాండిలు బిగిసియుండెను గాని విరుగలేదు. మూత తెరచి వాసన చూచితిమి. కాలిన వార్నీషు వాసన ఒకసారి ఎరిగినవారు మరువరు. అది లేదు. చుట్లు తెగలేదని మెగ్గరుతోడనే తెలిసికొంటిమి. ఇన్సులేషను మాత్రము తేమతో చాల తక్కువ చూపినది. తేమ నయమగు రోగము, కాలుట నయము కాదు. ఈ ఒక్క విచక్షణతో కొంటిమి.

నేమ్‌ప్లేటు మీది మురికిని గుడ్డతో తుడిచి చదివితిమి. రెండు లైన్ల సప్లయి, 50 సైకిళ్లు, గరిష్ఠ కరెంటు 300 ఆంపియర్లు, ఖాళీ వోల్టేజి 80, డ్యూటీ సైకిలు 60 శాతము. పిల్లలకు మొదటి పాఠము ఈ రేకు మీదనే చెప్పితిమి. 80 వోల్టులను 300 ఆంపియర్లతో హెచ్చవేసినచో 24 కె.వి.ఎ.; దానిని 415 వోల్టులతో భాగించినచో లైనులో సుమారు 58 ఆంపియర్లు. ఇంటి మీటరునకు దీనిని తగిలింపరాదని వేరుగా చెప్పనక్కరలేదు. డ్యూటీ సైకిలు 60 శాతము అనగా, పది నిమిషముల లెక్కన ఆరు నిమిషములు వెల్డింగు, నాలుగు నిమిషములు విశ్రాంతి. ఆ విశ్రాంతి యంత్రమునకు ఈయబడినది గాని వెల్డరునకు కాదని మా సభ్యుడొకరు అనిరి. అందరము నవ్వితిమి గాని ఆలోచింపవలసిన మాటయే.

పని చేసిన వారిని గురించి ఒక మాట చెప్పుట మా విధి. పెట్టెల వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దలొకరు, మెయిల్ మోటార్ సర్వీసులో మెకానికుగా రిటైరైన మరొకరు, ప్రస్తుతము వెల్డరుగా ఉన్న ఒక సోదరి, ఆర్.ఎం.ఎస్.లో సార్టింగు చేయు సోదరుడొకరు, తొమ్మిదిమంది పిల్లలు. సార్టింగు చేయువారికి వెల్డింగు యంత్రముతో పని యేమని మొదట వేళాకోళము చేసినవారున్నారు. తరువాత చూడగా అందరికన్న హెచ్చుగా ఉపకరించినవారు ఆయనయే. విప్పిన ప్రతి తీగకు, ప్రతి నట్టునకు సంచులకు కట్టునట్టి లేబిలు కట్టి, ఎచటి నుండి వచ్చినది, ఎచటికి పోవలెను అని వ్రాసిరి. "అడ్రసు లేకుండా ఏదీ నా చేతిలోంచి పోదు" అనిరి. ఏడు నెలల తరువాత తిరిగి బిగించునప్పుడు ఒక్క నట్టు మిగులలేదు, ఒక్కటి తక్కువ కాలేదు. యంత్రములు విప్పినవారికి ఇది ఎంత అరుదో తెలియును.

మొదటి ఆదివారమే ఒక తగవు వచ్చినది. "ఒక్కసారి స్విచ్చి వేసి చూద్దాం, పనిచేస్తే ఇంత విప్పడం దేనికి" అని పిల్లలు పట్టుపట్టిరి. పెద్ద ఫిట్టరుగారు ససేమిరా ఒప్పుకొనలేదు. ఏండ్ల తరబడి మూలపడియున్న ట్రాన్స్‌ఫార్మరులో తేమ చేరియుండును. ఆ తేమలో కరెంటు పంపుట అనగా నయమగు రోగమును చంపు రోగముగా మార్చుటయే. ఆనాడు స్విచ్చి వేసియున్నచో ఈ ప్రసంగము ఇంత దీర్ఘముగా ఉండెడిది కాదు.

మొట్టమొదట కెపాసిటర్ల సంగతి. పవర్ ఫ్యాక్టరును సరిచేయుటకు పాత యంత్రములలో సప్లయి వైపు కెపాసిటర్లు పెట్టెడివారు. సప్లయి తీసివేసిన తరువాత కూడ వానిలో చార్జి నిలిచియుండవచ్చును. ఏండ్లు గడచిన దానిలో ఏమియు ఉండదని మీరనవచ్చును. నిజమే గాని, పిల్లలకు అలవాటు కావలెనని రెసిస్టెన్సుతో డిశ్చార్జి చేయించిన తరువాతనే ముట్టనిచ్చితిమి. మరియొక అపాయము కూడ ఉన్నది. నాటి కెపాసిటర్లలో పి.సి.బి. అను విషద్రవము ఉండవచ్చును. అప్పటి ట్రాన్స్‌ఫార్మరు నూనెలో కూడ అది కలిసియుండు అవకాశము కలదు. 2016లో కేంద్ర ప్రభుత్వము దాని తయారీని, దిగుమతిని నిషేధించి, వాడుకకు కూడ గడువు విధించుచు ఉత్తర్వు వెలువరించినది. కావున ఊరు పేరు తెలియని పాత కెపాసిటరును పగులగొట్టరాదు, తుక్కువానికి ఈయరాదు. మేము వానిని చేతితొడుగులతో తీసి, విడిగా మూతపెట్టి, ప్రమాదకర వ్యర్థములు తీసికొనుటకు అనుమతి గలవారికి అప్పగించితిమి.

నూనె దించునాడు చూడవలసినది. కాఫీ డికాక్షను వలె నల్లగా వచ్చినది. అడుగున దోసెడు నీరు, బురద వంటి మడ్డి. టెర్మినల్ పెట్టెలో కుమ్మరి పురుగులు మట్టిగూళ్లు కట్టియుండెను, ఒక బల్లి ఎండి అంటుకొనియుండెను. కాల్చిన ఇనుప రేకుపై నాలుగు చుక్కల నూనె వేసినచో చిటపటలాడినది. అదియే తేమకు గుర్తు. పిల్లలకు ఏ పుస్తకములోని పాఠముకన్న ఈ చప్పుడు బాగుగా గుర్తుండిపోయినది. పాత నూనెను వడగట్టి వాడుకొందుమా అను చర్చ జరిగినది. మడ్డి కట్టిన నూనెలో ఆమ్లగుణము పెరిగి ఇన్సులేషనును తినివేయును గనుక వలదని నిశ్చయించి కొత్తది కొంటిమి. ఇంతలో ఇరుగుపొరుగువారు సీసాలు పట్టుకొని వచ్చిరి. మోకాళ్ల నొప్పులకు ట్రాన్స్‌ఫార్మరు నూనె మంచిదని ఒక నమ్మకము. ఒక పెద్దావిడను ఒప్పించి పంపుటకు మాకు గంట పట్టినది. "ఉచితంగా అడిగితే లేదంటున్నారు, వీళ్లదేం యూనియనో" అని ఆమె అనుకొనుచు పోయినది.

ఇక శుభ్రపరచుట. ఇందులోనే పొరపాట్లు హెచ్చుగా జరుగును గనుక కొంత విస్తరించి చెప్పెదము.

ఒక ఉత్సాహవంతుడైన కుర్రవాడు మోటారు సైకిళ్లు కడుగు నీటి పంపును అరువు తెచ్చెను. చుట్టలపై నీరు కొట్టినచో పైమురికి పోవును, తేమ లోనికి పోవును. దానిని అట్లే వెనుకకు పంపితిమి. పెట్రోలు, కిరోసిన్ తెచ్చినవారున్నారు. అవి వార్నీషును మెత్తబరచును, ఆవిరి అంటుకొను ప్రమాదము సరేసరి. ఒకప్పుడు మోటారు చుట్టలను కార్బన్ టెట్రాక్లోరైడుతో తుడుచు అలవాటు ఉండెడిది. మురికి క్షణములో పోవును, అగ్గి అంటుకొనదు. అందుచేత అందరికిని అది ప్రియమైనది. కాని దాని ఆవిరి కాలేయమును, మూత్రపిండములను పాడుచేయును. అట్టి క్లోరిను గల ద్రావకములతో తుడిచిన వస్తువు దగ్గర ఆర్కు వెలిగించినచో ఫాస్జీన్ అను విషవాయువు పుట్టవచ్చును. మా మెయిల్ మోటారు సోదరుడు, తాము యువకులుగా ఉన్నప్పుడు దానితో చేతులు కూడ కడుగుకొనెడివారమని చెప్పి, కొంతసేపు మౌనముగా ఉండిరి. వారితో చేతులు కడిగినవారిలో ఎందరో నేడు లేరు. అందుకు కారణము అదేనని మేము చెప్పలేము. ఆయనయు చెప్పలేదు.

మేము చేసినదిది. ట్యాంకు బయటి గోడలకు వైరు బ్రష్షు, ఎమరీ కాగితము. లోపలి చుట్టలకు మాత్రము వెదురు బద్దలతో చెక్కిన పలుచని గరిటెలు, మెత్తని కుంచెలు, దూది పోగులు రాలని పాత నూలు గుడ్డలు. మడ్డిని వెదురుతో ఒత్తి తీసి, తరువాత గోరువెచ్చని కొత్త నూనె ధారతో పైనుండి క్రిందికి కడిగితిమి. ఇనుప గరిటెతో గీకినచో ఒక్క గీత చాలును, ఇన్సులేషను పోవుటకు. కోరు పలకల అంచులను ఆకురాయితో రుద్ది మెరుగుపెట్టుదునని ఒకడు బయలుదేరెను. అది కూడ తగదు. పలకల మధ్య పలుచని పూత ఉండునదే అవి ఒకదానికొకటి తగులకుండుటకు. రాచినచో అంచుల వద్ద లోహము మడచుకొని పలకలు కలిసిపోయి, కోరు వేడెక్కును. గుడ్డతో తుప్పు తుడిచి వార్నీషు పూయుటతో సరిపెట్టితిమి. కోరును బిగించు బోల్టులకు చుట్టును ఇన్సులేషను గొట్టములుండును. రెండు చిట్లియుండగా మార్చితిమి.

టెర్మినల్ బోర్డు ఒక వైపు మాడి నల్లని చారలు పడియుండెను. అది ఇక ఇన్సులేషను కాదు, బొగ్గు. పైన గీకి మెరుగుపెట్టి వాడుట మన దేశమందంతటను జరుగుచున్న పనియే. మేము కొత్త హైలం షీటు కోయించి, పాతదానిని అచ్చుగా పెట్టి రంధ్రములు వేయించితిమి. మాడుటకు కారణము ఇత్తడి నట్లు వదులై ఉండుట. నట్టు వదులైన చోట వేడి పుట్టును, వేడికి మరింత వదులగును. మూతకు కొత్త కార్కు గ్యాస్కెట్టు వేసితిమి. ట్యాంకునకు అడుగున చిన్న కారుడు ఉండెను. వెల్డింగు యంత్రమునకే వెల్డింగు పెట్టుటకు అందరును ఉవ్విళ్లూరిరి. నూనె ఆవిరి మిగిలియున్న ట్యాంకునకు మంట చూపుట బాంబునకు వత్తి పెట్టుట వంటిది. సోదా నీటితో పలుమారులు వేడిగా కడిగి, కారుడు ఉన్న చోటికి కొద్ది దిగువ వరకు నీరు నింపి, మూతలన్నియు తెరచియుంచి, అప్పుడు మా వెల్డరు సోదరి తానే ఆ పని చేసిరి. పిల్లలను దూరముగా నిలిపిరి.

అన్నిటికన్న ఓపిక పరీక్షించినది ఆరబెట్టుట. ప్లైవుడ్డుతో గూడు కట్టి, కోరును, చుట్టలను దానిలో నిలిపి, 200 వాట్ల పాత బల్బులు నాలుగు వెలిగించి, పైన ఆవిరి పోవుటకు సందు విడిచి, థర్మామీటరు వ్రేలాడదీసితిమి. చుట్టల వేడి 80 డిగ్రీలు దాటకుండ చూడవలెను. గంటకొకసారి 500 వోల్టుల మెగ్గరుతో ఇన్సులేషను కొలిచి పుస్తకములో వ్రాయవలెను. మొదట 2 మెగోములు ఉండెను. వేడి ఎక్కిన కొద్దీ తగ్గుచు అరకు దిగినది. పిల్లలు బెంబేలెత్తిరి, యంత్రము చెడిపోవుచున్నదని ఒకడు బల్బులు ఆర్పబోయెను. వేడికి లోపలి తేమ కదలి బయలుదేరినప్పుడు రీడింగు పడిపోవుట సహజము. కొంతకాలము అట్లే నిలిచి, తేమ పోయిన కొద్దీ తిరిగి లేచును. పగలును రాత్రియు వంతులు వేసికొని కాచితిమి. రాత్రి కాపలాకు ట్రాక్ సోదరులు, తెల్లవారుజామున ఆర్.ఎం.ఎస్. డ్యూటీ దిగి వచ్చినవారు. మూడవనాటి రాత్రి నుండి అంకె లేచుట మొదలుపెట్టి, అయిదవనాటికి 50 దాటినది. ప్రైమరీకి బాడీకి నడుమ రెండున్నర, ప్రైమరీకి సెకండరీకి నడుమ అయిదు మెగోములకు తగ్గరాదని వెల్డింగు యంత్రముల పరీక్షకు నియమము. ఆ పుస్తకము నేడు ఇచటికి తెచ్చితిమి, చూడగోరువారు విరామ సమయమున చూడవచ్చును.

ఎర్తింగు విషయమున మేము లోభము చూపలేదు. బాడీకి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండవలెనని 1956 నాటి భారత విద్యుత్ నియమములే విధించినవి. 2010లోను, 2023లోను వచ్చిన నిబంధనలలో కూడ ఆ సూత్రమే కొనసాగినది. బోల్టు చుట్టును లోహము తెల్లగా కనబడునట్లు గీకి, పండ్ల వాషరు వేసి బిగించి, ఆ చోట రంగు వేయరాదని ప్రక్కన వ్రాయించితిమి. సప్లయికి ఇ.ఎల్.సి.బి. పెట్టితిమి. వెల్డింగు సర్క్యూటును బాడీకి కలుపలేదు. కలిపినచో, రిటర్న్ క్లాంపు సరిగా లేని రోజున వెల్డింగు కరెంటు ఎర్తు తీగ గుండా పోయి, దానిని కాల్చివేయును. పైకి అంతయు బాగుగనే కనబడును, రక్షణ మాత్రము ఉండదు.

క్లాంపు మాట వచ్చినది గనుక రైల్వే సోదరులకు ప్రత్యేకముగా ఒక మాట. వ్యాగను మీదనో, పెట్టె మీదనో వెల్డింగు చేయునప్పుడు రిటర్న్ క్లాంపును పట్టాకు తగిలించి పని కానిచ్చువారిని మనము చూచియున్నాము. అప్పుడు కరెంటు ఇరుసు పెట్టెలోని రోలరు బేరింగుల గుండా పోవును. రోలర్లపై సూదిమొనలంత గుంటలు పడును. నాడు ఏమియు తెలియదు. కొన్ని నెలలకు ఎక్కడనో ఆ బేరింగు వేడెక్కును. క్లాంపు ఎప్పుడును అతుకు పెట్టు చోటికి దగ్గరగా, ఆ భాగమునకే ఉండవలెను. 1955లో పెరంబూరు కర్మాగారము అంతయు ఉక్కుతో వెల్డు చేసిన పెట్టెల నిర్మాణము ప్రారంభించిన నాటి నుండి వెల్డింగే మన బండ్లకు ప్రాణము. అట్టి పనిలో తొందర కొరకు పట్టాకు క్లాంపు పెట్టించు సూపర్‌వైజరు మాటకు ఎదురుచెప్పుటయు యూనియను పనియే.

స్విచ్చి వేసిన దినమున నేరుగా సప్లయి ఈయలేదు. రెండు బల్బులను సీరీస్‌లో పెట్టి ముందుగా వాని గుండా ఇచ్చితిమి. లోపల షార్టు ఉన్నచో బల్బులు నిండుగా వెలుగును. అవి మిణుకుమిణుకుమని ఊరకుండినవి. తరువాత బల్బులు తీసి నేరుగా ఇచ్చితిమి. గంభీరమైన రొద వచ్చినది, అది నేటికిని కొంత ఉన్నది. మీటరు 78 వోల్టులు చూపినది. 3.15 మిల్లీమీటర్ల రాడ్డుతో మొదటి అతుకు మా సోదరి వేసిరి. హ్యాండిలు వద్ద స్కేలు 150 చూపుచుండగా టాంగ్ టెస్టరులో 130 ఆంపియర్లే ఉండెను. స్కేలును దిద్దలేకపోతిమి. సరియైన అంకెలు వ్రాసిన అట్టను ప్రక్కన అంటించితిమి.

ఇక విమర్శల సంగతి. ఒక యువ సభ్యుడు సర్వసభ్య సమావేశములో లేచి, "పది కేజీల ఇన్వర్టరు మిషను భుజాన వేసుకుని పోయే రోజుల్లో ఈ ఏనుగును ఎందుకు మేపుతున్నారు?" అని అడిగెను. ఆయన మాటలో సగము న్యాయము ఉన్నది. ఈ యంత్రము ఖాళీగా ఉన్నను కరెంటు త్రాగును, పవర్ ఫ్యాక్టరు తక్కువ, కదలించుటకు నలుగురు కావలెను. నూనె, కేబులు, హోల్డరు ఖర్చులు కలిపినచో యంత్రము కొన్న వెలను మించినవి. ఆడిటరుగారు దీనిపై ఎర్ర సిరాతో ఒక ప్రశ్న వ్రాసిరి, మా కోశాధికారి దానిని తలచుకొని నేటికిని నిట్టూర్చును. ఆ విమర్శ తరువాత ఒక చిన్న ఇన్వర్టరును కూడ కొంటిమి. పిల్లలు రెండింటిపై నేర్చుకొనుచున్నారు. ఐతే ఇన్వర్టరు చెడిపోయినచో బోర్డు మార్చుటయే గాని, విప్పి లోపల ఏమి జరుగుచున్నదో కంటితో చూచుటకు వీలుండదు. ఈ పాతదానిలో కోరు లోనికి దిగినచో కరెంటు ఏల తగ్గునో వ్రేలితో చూపవచ్చును. రెండవ విమర్శ పొగను గురించినది. దానికి మేము తల వంచితిమి. మొదటి నెలలో రేకుల గదిలో తలుపు మూసి నేర్పించితిమి. అది తప్పు. వెల్డింగు పొగ మనుష్యులలో క్యాన్సరు కలిగించునదిగా 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ణయించియున్నది. ఇప్పుడు మూడు వైపులా తెరచిన పాకలో, పొగను లాగు ఫ్యాను పెట్టి చేయుచున్నాము.

ఆ ట్రాక్ సోదరుని కుమారుడు ఏమాయెనని మీరు అడుగవచ్చును. ఆ చేతితో రాడ్డు నిలుకడగా పట్టుట అతనికి సాధ్యము కాదు. మొదటి రెండు నెలలు పాక దరిదాపులకు రాలేదు. ఆరబెట్టు రాత్రులలో ఒకనాడు తండ్రికి అన్నము తెచ్చి, మెగ్గరు త్రిప్పుటకు రెండవ మనిషి లేనందున కూర్చుండెను. అప్పటి నుండి మెగ్గరు పుస్తకము అతని చేతిలోనే ఉన్నది. ఎడమచేత వ్రాయుట నేర్చుకొనెను. ప్రతి ఆదివారము ఉదయము పని మొదలు కాకముందు అతడు ఇన్సులేషను కొలిచి, ఎర్తు బోల్టులు రెండును స్పానరుతో తాకి, సంతకము పెట్టినగాని స్విచ్చి వేయరాదని కార్యవర్గము తీర్మానించినది.

ఈ సంవత్సరము వానలు ముదిరినప్పుడు పాక కారి, రీడింగు ఒక్కసారిగా 2 మెగోములకు పడిపోయినది. మా నియమము ప్రకారము పని ఆపవలెను. ఆ వారమే పిల్లలలో ముగ్గురికి ట్రేడు పరీక్ష. ఒక్క పూట ఏమగునని వారు బ్రతిమాలిరి. మాలో ఒకరిద్దరికి కూడ మనసు మెత్తబడినది. అతడు ఎవరితోను వాదింపలేదు. ఫ్యూజులు రెండును పీకి జేబులో వేసికొని, పుస్తకములో తేదీ వ్రాసి, సైకిలెక్కి ఇంటికి పోయెను. రెండు ఆదివారములు బల్బులు వెలిగించి ఆరబెట్టిన తరువాత, 18 మెగోములు వచ్చిననాడు ఆ ఫ్యూజులు తిరిగి తెచ్చెను.